ఓపెన్ సోర్సు సాఫ్టువేరు పరిణామము: ఒక పాఠవిమర్శ

సంఘము వారి ప్రత్యేక సంచికలకు తెలుగు ఉపాధ్యాయులు పంపు వ్యాసములు సాధారణముగా కావ్యములను గూర్చియో, శాసనములను గూర్చియో ఉండును. నేనీమారు కంప్యూటరు సాఫ్టువేరును గూర్చి వ్రాయబూనుట కొందరికి వింతగా తోపవచ్చును. నేను యంత్రశాస్త్రజ్ఞుడను గాను. ఇరువది యేండ్లుగా షోలాపురము తూర్పుభాగమున, మరమగ్గముల చప్పుడు తరగతిగదిలోనికి వినవచ్చు పాఠశాలలో, నేతవారి పిల్లలకు తెలుగు చెప్పుకొనుచున్నవాడను. అయినను ఓపెన్ సోర్సు సాఫ్టువేరు ప్రధానముగా ఒక పాఠము. దానిని మనుష్యులు వ్రాయుదురు, చదువుదురు, దిద్దుదురు, ఒకరి తరువాత నొకరికి అప్పగింతురు. పాఠము పుట్టి, పెరిగి, మారు తీరును పరిశీలించుట సాహిత్యవిమర్శకుని పని. కావున ఈ విషయమున మాట్లాడుటకు నాకును కొంత అధికారము కలదని తలంచుచున్నాను.

ఈ విచారణకు నన్ను పురికొల్పినది ఒక నష్టము. నేను ఉద్యోగమున చేరిన క్రొత్తలో, మా పాఠశాల వార్షిక సంచికకు ఒక తొమ్మిదవ తరగతి బాలిక తన పేటలోని వృద్ధులైన నేతగాండ్రను అడిగి ఒక వ్యాసము వ్రాసినది. వారి పూర్వులు తెలంగాణమున ఏయే గ్రామములనుండి వచ్చిరో, ఏ కరువున వచ్చిరో, మొదట ఎవరి మగ్గముపై కూలికి కూర్చుండిరో అందున్నది. సంచికను అప్పుడొక సంస్థవారి తెలుగు అక్షరములతో కంప్యూటరున కూర్చి, ప్రతిని డిస్కునందు భద్రపరచితిమి. గత సంవత్సరము ఆ వ్యాసమును మరల ముద్రింపదలచి డిస్కును తెరవగా, తెలుగక్షరముల చోట ఇంగ్లీషు అక్షరములును, డాలరు గుర్తులును, ప్రశ్నార్థకములును కనబడినవి. ఆ అక్షరములు పనిచేయుటకు కంప్యూటరునకు తగిలింపవలసిన చిన్న పరికరము ఎప్పుడో పోయినది. ఆ లిపి లోపల ఏ గుర్తు ఏ అక్షరమునకు నిలిచినదో చెప్పగలవారు మాకు దొరకలేదు. మిగిలిన ఒక్క ముద్రితప్రతిలో రెండు పుటలను చెదలు తినినవి. ఆ గ్రామనామములను చెప్పిన వృద్ధులలో నేడెవ్వరును లేరు.

తాళపత్రము పోయిన బాధ మన సాహిత్యమునకు క్రొత్త గాదు. కాని తాళపత్రము కంటియెదుట నుండగా చదువరాకపోవుట మాత్రము క్రొత్త. ఈ నష్టమునకు ప్రతిక్రియ ఓపెన్ సోర్సు మార్గమున కలదని పలువురు చెప్పుదురు. ఆ మాటలో ఎంత నిజము కలదో, ఎంత అతిశయము కలదో నిర్ణయించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

మూలము, వస్త్రము

మన పేటవారికి ఈ సంగతిని మగ్గముతో చెప్పుట సులభము. షోలాపురపు చద్దరుపై కనబడు పూవును జకార్డు మగ్గము నేయును. ఏ వరుసలో ఏ పడుగుపోగులు లేవవలెనో చిల్లులు పొడిచిన అట్టలు నిర్ణయించును. ఆ అట్టలకు మూలము గళ్లకాగితముపై వ్రాసిన నమూనా. చద్దరు మాత్రమే కలవాడు దానిని కప్పుకొనగలడు. అట్టలు కలవాడు అట్టి చద్దరునే మరియొకటి నేయగలడు. గళ్లకాగితము కలవాడొక్కడే పూవు రేకును మార్చగలడు. సాఫ్టువేరు విషయమునను ఇంతే. యంత్రము గ్రహించి నడచు రూపము వేరు, మనుష్యుడు వ్రాసిన మూలపాఠము వేరు. అమ్ముడుపోవు సాఫ్టువేరులో సాధారణముగా మొదటిదియే మనకిత్తురు. ఓపెన్ సోర్సు మార్గమున మూలపాఠమును, దానిని చదువుటకు, మార్చుటకు, మార్చినదానిని పరులకిచ్చుటకు హక్కును గూడ ఇత్తురు.

ఈ పోలిక వట్టి అలంకారము గాదు. ఫ్రాన్సు దేశస్థుడైన జకార్డు తన యంత్రమును 1804లో తయారుచేసెను. అంతకుముందు 1725లో బూషాన్ చిల్లుల కాగితపు చుట్టను, 1728లో ఫాల్కన్ వరుసగా గ్రుచ్చిన అట్టలను మగ్గమునకు కూర్చియుండిరి. 1745 ప్రాంతమున వోకన్సన్ మరియొక మార్పు చేసెను. జకార్డు వీరి పనిని పరిశీలించి, కూర్చి, నిలుకడ గల యంత్రముగా చేసెను. ఒకరి పేర నిలిచినది నలుగురి పని. ఆ అట్టల ఊహనే తరువాత ఇంగ్లండున బాబేజీ తన గణనయంత్రమునకు గైకొనెను. కంప్యూటరు పుట్టింటివారిలో నేతగాడును ఒకడని మన పిల్లలకు చెప్పవలసియున్నది.

మూలపాఠమును తెరచియుంచు పద్ధతికి శాసనరూపము నిచ్చినవాడు అమెరికాకు చెందిన రిచర్డ్ స్టాల్‌మన్. ఆయన 1983లో గ్నూ అను ప్రయత్నమును ప్రకటించి, 1989లో జీపీఎల్ అను అనుమతిపత్రమును వెలువరించెను. దాని సారమిది: నీవు ఈ పాఠమును మార్చి పరులకు ఇచ్చినచో, నీకు దొరికిన హక్కులనే వారికిని ఈయవలెను. ఓపెన్ సోర్సు అను పేరు 1998లో వ్యాప్తికి వచ్చినది. రెండు పేర్లవారికిని ఆశయమున భేదము కలదు గాని మనకిక్కడ అది ప్రధానము గాదు. దీనిని మనవారు ఉచిత సాఫ్టువేరు అని పిలుచుట మాత్రము సరి గాదు. వెల లేకపోవుట దీని లక్షణము గాదు. దిద్దుటకు హక్కుండుట దీని లక్షణము.

కవిత్రయ న్యాయము

ఒకడు ఆరంభించినదానిని మరియొకడు కొనసాగించుట తెలుగువారికి బోధింపవలసిన విషయము గాదు. మన ఆదికావ్యమే అట్టిది. పదునొకండవ శతాబ్దిలో రాజరాజనరేంద్రుని ప్రేరణమున నన్నయభట్టు భారతాంధ్రీకరణమును ఆరంభించి, అరణ్యపర్వము నాల్గవ ఆశ్వాసము నడుమ విడిచెను. పదుమూడవ శతాబ్దిలో తిక్కన సోమయాజి ఆ ఖండమును ముట్టక విరాటపర్వము మొదలుకొని పదునైదు పర్వములు రచించెను. పదునాల్గవ శతాబ్దిలో ఎఱ్ఱాప్రగడ అరణ్యపర్వశేషమును పూరించెను. ఆయన ఆ భాగమును తన ప్రభువునకు గాక రాజరాజనరేంద్రునకే అంకితముగా నడపెను. నన్నయ శైలితో మొదలిడి క్రమముగా తిక్కన శైలిలోనికి వచ్చెనని విమర్శకులు మెచ్చుకొందురు. పోతన భాగవతమునకును ఇట్టి చరిత్రమే. అందు పంచమస్కంధము గంగనది, షష్ఠము ఏర్చూరి సింగనది, చివరి రెండును వెలిగందల నారయవి.

1991 ఆగస్టున హెల్సింకీ నగరమున లైనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి తానొక చిన్న నిర్వాహక వ్యవస్థను వ్రాయుచున్నానని తోడివారికి తెలిపెను. ఆ సెప్టెంబరున వెలువడిన మొదటి లినక్సు పాఠము సుమారు పదివేల పంక్తులు. 1992లో అతడు దానిని జీపీఎల్ క్రిందికి తెచ్చెను. అది మొదలు ఎవరెవరో ఎక్కడెక్కడివారో తమ తమ దిద్దుబాట్లు పంపుచు వచ్చిరి. దీనిని కవిత్రయముతో పోల్చి, మనకిది పూర్వమే కలదని తృప్తిపడుట తేలిక. కాని ఆ పోలిక సగము వరకే సరిపోవును. ఎఱ్ఱన నన్నయ పద్యమున ఒక్క అక్షరమును మార్చలేదు. ఆయన చేసినది పూరణము. సాఫ్టువేరునందు తరువాతివాడు ముందువాని పంక్తిని కొట్టివేసి తన పంక్తిని వ్రాయును. అది దోషము గాదు, ధర్మము. కావ్యము మారకుండుటచే నిలుచును. సాఫ్టువేరు మారకున్నచో పోవును.

ఇక రెండింటికి నిజముగా సమానమైన దేదనగా, నడుమనున్న ఖాళీ. నన్నయకును తిక్కనకును నడుమ సుమారు రెండు శతాబ్దములు గడచినవి. ఆ కాలమంతయు భారతము చదువుటకు, కొనసాగించుటకు ఎవ్వరికిని నిషేధము లేదు. మూలము తెరచియే ఉన్నది. అయినను కొనసాగింపగలవాడు రావలసివచ్చినది. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలెను. మన విషయమునకు ఇదియే కీలకము.

పెరుగుదల లక్షణములు

సాఫ్టువేరు పెరుగుదలను శాస్త్రీయముగా మొదట పరిశీలించినవారిలో మెయిర్ లేమన్ ముఖ్యుడు. ఐబీఎం సంస్థవారి ఒక పెద్ద వ్యవస్థ వరుస కూర్పులను పరిశీలించి ఆయన 1974లో కొన్ని సూత్రములు ప్రతిపాదించెను. లోకవ్యవహారమున వాడబడు సాఫ్టువేరు ఎడతెగక మారుచుండవలెను, మారనిచో రాను రాను పనికిమాలినదగునన్నది మొదటి సూత్రము. మారినకొలది దానిలో చిక్కు పెరుగును, చిక్కు విప్పుటకు ప్రత్యేకముగా శ్రమింపవలెనన్నది రెండవది. నూలుచుట్టను ఎరిగినవారికి ఈ రెండవ సూత్రమునకు వ్యాఖ్యానము అక్కరలేదు.

చిక్కు పెరిగినకొలది పెరుగుదల మందగింపవలెనని దీనినిబట్టి ఊహింపబడినది. కాని 2000లో కెనడా దేశమున గాడ్‌ఫ్రే, టూ అను పరిశోధకులు లినక్సు పాఠములను వరుసగా లెక్కించి, దాని పెరుగుదల మందగింపలేదు సరికదా, ఏటేట వేగము హెచ్చుచున్నదని చూపిరి. 1994లో వెలువడిన మొదటి పూర్ణకూర్పు 1,76,250 పంక్తులు. వారి పరిశీలననాటికి అది ఇరువది లక్షలు దాటినది. నేడు కోట్లలో నున్నది. ఇట్లేల జరిగెను? పెరిగిన భాగమున మిక్కిలి హెచ్చు పాలు ముద్రణయంత్రము, తెర మొదలగు పరికరములను నడపు ఖండములని వారే చూపిరి. ఈ ఖండములు ఒకదానితో నొకటి పెక్కుగా ముడివడవు. ఒకడు ఒక ఖండమును మార్చిన మరియొకని ఖండము చెడదు. అనగా వేలకొలది చేతులు పని చేయుటకు వీలగునట్లు పని విభజింపబడినది. తెరచియుంచుటచేతనే పెరిగినదని చెప్పుట చాలదు. పంచుకొనుటకు అనువుగా కట్టబడుటచే పెరిగినదని చెప్పవలెను.

పరిమాణమును గుణమని భ్రమపడరాదు. మంచి పరిష్కర్త చేర్చుటయే గాక తొలగించును. లినక్సు 386 అను తరగతి యంత్రముపై పుట్టినది. 2013లో వెలువడిన 3.8వ కూర్పునుండి ఆ యంత్రమునకు అవసరమగు పంక్తులను తొలగించిరి. తాను పుట్టిన యంత్రముపైననే క్రొత్త కూర్పు ఇక నడవదు. దీనిలో కృతఘ్నత లేదు. ఆ పంక్తులను మోయు భారము వాని ప్రయోజనమును మించినది. పాత కూర్పు కావలసినవారికి అది యథాతథముగా దొరకుచునే యున్నది. తొలగించినదానిని నశింపజేయకుండుట ఈ మార్గమునకు గల గొప్ప గుణము.

శాఖలు, పాఠాంతరములు

పుణెలోని భండార్కర్ ప్రాచ్యపరిశోధన మందిరమువారు 1919లో ఆరంభించి 1966 నాటికి ముగించిన మహాభారత పరిశోధిత ప్రతిని మన రాష్ట్రమున ఎరుగని పండితుడుండడు. వేయికి పైగా వ్రాతప్రతులను సరిచూచి, ఏ పాఠము ఏ శాఖలోనిదో వారు క్రింద సూచించిరి. సాఫ్టువేరునందును శాఖలు పుట్టును. కొందరు మూలపాఠమును గైకొని వేరుదారిన సాగుట దీని స్వభావములోనిదే.

దీనికి చక్కని ఉదాహరణము మన పాఠశాలలో వాడుచున్న లిబ్రే ఆఫీసు. సన్ సంస్థవారు 2000లో తమ కార్యాలయ సాఫ్టువేరు మూలమును ఓపెన్ ఆఫీసు పేర తెరచిరి. 2010లో ఆ సంస్థను ఒరాకిల్ వారు కొనిరి. దాని భవిష్యత్తును శంకించి, పనివారిలో పలువురు అదే సంవత్సరము సెప్టెంబరున విడివడి లిబ్రే ఆఫీసును స్థాపించిరి. యజమాని మారినను పాఠము బందీ కాలేదు. శాఖ చీలుట ఇక్కడ కలహము గాదు, ప్రాణరక్షణము. అయితే శాఖలు మితిమీరిన శ్రమ చెదరిపోవుననుట కూడ నిజమే. ఒకే దోషమును రెండు చోట్ల ఇద్దరు దిద్దుచుందురు. సిల్ సంస్థవారి ఓపెన్ ఫాంట్ లైసెన్సునందు ఒక మంచి నియమము కలదు. మూలకర్త తన అక్షరముల పేరును ప్రత్యేకించుకొనిన, వానిని మార్చినవాడు మార్చిన రూపమునకు వేరు పేరు పెట్టవలెను. మన ప్రాచీన లేఖకులు ఈ నియమమును పాటించియున్నచో వేమన పద్యములలో ఏది వేమనదో తేల్చుట ఇంత కష్టమై యుండెడిది గాదు.

ప్రక్షిప్తములు

ప్రక్షిప్తభయము సాఫ్టువేరునకును కలదు. అనేకనేత్రములు చూచునప్పుడు దోషము దాగదని ఈ మార్గమువారు తరచు చెప్పుదురు. నేత్రములు కలవనుట వేరు, అవి చూచుచున్నవనుట వేరు. ఇంటర్నెట్టు వ్యవహారమును రహస్యముగా నుంచుటకు లోకమంతయు వాడు ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ అను పాఠమున ఒక పెద్ద దోషము 2014 ఏప్రిలున బయటపడినది. అది 2012 నుండి ప్రచారమున నున్న కూర్పులోనిది. రెండేండ్లు ఎవ్వరును గమనింపలేదు. అంత లోకము ఆధారపడిన ఆ పాఠమును కనిపెట్టుకొని యున్నవారు వ్రేళ్లపై లెక్కింపదగినంతమందియే యని అప్పుడు తెలిసినది.

అంతకంటె హెచ్చరిక కలిగింపదగినది 2024 మార్చిలో జరిగినది. ఎక్స్‌జెడ్ అను చిన్న సాఫ్టువేరును చిరకాలము ఒక్కడే పోషించుచుండెను. అతడు అలసియున్న సమయమున, జియా టాన్ అను పేరుతో ఒక అపరిచితుడు రెండు మూడేండ్లపాటు ఓర్పుతో మంచి దిద్దుబాట్లు పంపి, విశ్వాసము సంపాదించి, తోడి సంరక్షకుడై, చివరకు దొంగవాకిలి నొకదానిని లోపల కట్టెను. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు తన యంత్రమున ప్రవేశమునకు అరసెకను ఆలస్యమగుచున్నదని గమనించి, వెదకి, దానిని బయటపెట్టెను. మూలము తెరచియుండుట చేతనే అతడు కారణమును చివరివరకు వెదకగలిగెను. మూలము తెరచియుండియు, దానిని పోషించువాడు ఒంటరియగుట చేతనే ఆ ప్రక్షిప్తము చొరబడగలిగెను. ఈ రెండు వాక్యములను కలిపి చదివిననే ఓపెన్ సోర్సు చరిత్ర మనకు బోధపడును.

తెలుగున జరిగిన పని

ఇక మన భాషకు వత్తము. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పునందే తెలుగు లిపికి స్థానము దొరికినది. ప్రతి అక్షరమునకు లోకమంతట ఒకే సంఖ్య యుండుట దీని సూత్రము. మా సంచికకు పట్టిన దుర్గతి దీనిచే తప్పును. కాని సంఖ్య యిచ్చుట వేరు, అక్షరము తెరపై కనబడుట వేరు. ఆ పనిని చాలభాగము జీతము లేనివారు చేసిరి. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున చదువుకొనుచున్న తెలుగువారు ఇంగ్లీషు అక్షరములతో తెలుగు వ్రాయు ఆర్‌టీఎస్ పద్ధతిని కల్పించిరి. దేశికాచారి గారు పోతన, వేమన అను పేర్లతో యూనికోడ్ అక్షరములను రూపొందించి జీపీఎల్ క్రింద విడిచిరి. నాగార్జున వెన్న గారు పాత లిపులలోని తెలుగును యూనికోడునకు మార్చు పద్మను వ్రాసిరి. 2003 డిసెంబరున తెలుగు వికీపీడియాకు శ్రీకారము చుట్టినవారు కూడ వారే. వీవెన్ గారు లేఖినిని అందించిరి. తరువాత సిలికానాంధ్ర పూనికతో గిడుగు, గురజాడ, సురవరము, సూరన్న, ధూర్జటి మొదలగు పేర్లతో అనేక లిపులు ఓపెన్ ఫాంట్ లైసెన్సు క్రింద వెలువడినవి. ఒకరి పద్ధతిని మరియొకరు అందిపుచ్చుకొనుట ఇందు స్పష్టముగా కనబడుచున్నది.

మూసియుంచిన మార్గముతో దీనిని పోల్చి చూతము. 2018 ఫిబ్రవరిలో మన జ్ఞా అను అక్షరమును ఒకానొక రీతిని కూర్చి పంపినచో ఆపిల్ వారి ఫోనులలో సందేశములు చూపు పనిముట్లు కూలిపోవుచుండెను. లోకము దానిని వేడుకగా చెప్పుకొన్నది. జ్ఞానము అను మాటలోని అక్షరము యంత్రమును పడగొట్టినదని మనవారును నవ్వుకొనిరి. కాని ఆ మూలమును చదివి తప్పెక్కడనున్నదో చూపగల హక్కు ఒక్క తెలుగువానికిని లేకుండెను. న్యాయముగా చెప్పవలెనన్న, ఆ సంస్థవారు కొలది దినములలోనే, ఫిబ్రవరి 19న, సవరించిన కూర్పును విడుదల చేసిరి. ఓపెన్ సోర్సు తెలుగు పనిముట్లలోని దోషములు కొన్ని ఇంతకంటె హెచ్చుకాలము దిద్దువాడు లేక పడియుండుట నేనెరుగుదును. హక్కు మనదైనప్పుడు ఆలస్యమునకు నింద కూడ మనదే.

ఈ పనిలోని లోపమును దాచుట విమర్శ కాజాలదు. మొదటితరము పనిముట్లను వరుసగా చూచినచో ఒక్కొక్కదాని వెనుక ఒక్కొక్క మనుష్యుడు కనబడుచున్నాడు. పద్మ ఫైర్‌ఫాక్స్ అను బ్రౌజరునకు అనుబంధముగా చాలమందికి ఉపకరించినది. 2017 నవంబరున ఫైర్‌ఫాక్స్ 57వ కూర్పుతో పాత పద్ధతి అనుబంధములన్నియు నిలిచిపోయినవి. క్రొత్త పద్ధతిని మరల వ్రాయువాడున్న అనుబంధములే మిగిలినవి. లేమన్ మొదటి సూత్రము ఇక్కడ నిర్దయగా పనిచేసినది. తాను మారకున్నను తన చుట్టు లోకము మారును. పద్మవంటి పనిముట్టు ప్రతి పాత లిపికి ఒక అక్షరపట్టిక యున్ననే మార్పు చేయగలదు. మా సంచికను కూర్చిన లిపికి పట్టిక ఎక్కడను దొరకలేదు. ఆ పట్టిక వ్రాయుటకు ఎవ్వరి అనుమతియు అక్కరలేదు. లిపి యింకను పనిచేయుచున్న దినములలో తెలుగు, కొంచెము కంప్యూటరు ఎరిగిన ఒక్కడు నాలుగు దినములు కూర్చున్నచో చాలెడిది. అప్పుడు నేనును పాఠశాలలోనే యుంటిని. ఆ నలుగురిలో కూర్చుండనివారిలో నేనొకడను.

అతుకు

మగ్గముపై పడుగు అయిపోవచ్చినప్పుడు నేతగాడు చేయు పనిని మన పిల్లలందరును చూచియే యుందురు. పాత పడుగు కొసలను తెంచివేయడు. అచ్చునందును అల్లునందును మిగిలిన ప్రతి పోగు కొసకు క్రొత్త పడుగులోని పోగు నొకదానిని వరుస తప్పక అతుకును. వేలకొలది పోగులు. ఒక్కటి తప్పినను గుడ్డపై గీత పడును. ఆ పనికి వేరుగా నేర్పరులుందురు. చద్దరు కొనువానికి ఈ అతుకు కనబడదు. అతుకువాడు లేనినాడు మాత్రము మగ్గము నిలిచిపోవును.

ఓపెన్ సోర్సు సాఫ్టువేరు నిలుకడయంతయు ఈ అతుకునందే యున్నదని నా నిర్ణయము. అనుమతిపత్రము పోగు కొసను తెంచకుండ కాపాడును. అతుకు వేయుట దాని చేతిలో లేదు. మూలమును తెరచియుంచుట వేరు, మూలమును చదువగల వారసుని తయారుచేయుట వేరు. మొదటిది ఒక దినమున జరుగును, రెండవదానికి తరము పట్టును. లినక్సు పెరిగినది మొదటిదానిచేతనే గాదు, రెండవదానిచే కూడను. తెలుగు పనిముట్లు కుంటినది మొదటిది లేక గాదు, రెండవది చాలక.

షోలాపురపు తెలుగువారికి దీనితో నేమి పని యని అడుగవచ్చును. మనము రాష్ట్రమునకు బయటనున్న తెలుగువారము. తెలుగు మాధ్యమమున చేరు పిల్లలు తగ్గుచున్న దినములివి. మన ఇండ్లలోని తెలుగు మరాఠీతో కలసి ఒక ప్రత్యేకమైన తీరు దాల్చినది. మన మగ్గపు మాటలు, మార్కండేయ రథోత్సవపు పాటలు, వలస వచ్చిన కుటుంబముల కథలు ఏ పెద్ద సంస్థకును లాభము తెచ్చునవి గావు. వానికొరకు పనిముట్టు చేయుమని మనము ఎవ్వరిని నిర్బంధింపజాలము. కావున దిద్దుకొనుటకు హక్కు మిగిలియున్న పనిముట్లే మనవంటివారికి దిక్కు. ధనము గలవానికి ఓపెన్ సోర్సు ఒక సౌకర్యము. చిన్న సమాజమునకు అది ఆధారము.

ఈ నిర్ణయమునుండి కొన్ని కర్తవ్యములు పుట్టుచున్నవి. ఇకముందు మన పాఠశాలల సంచికలును, సంఘపు ప్రత్యేక సంచికలును యూనికోడునందే, స్వేచ్ఛగా దొరకు లిపులతోనే కూర్పబడవలెను. ముద్రితప్రతితోపాటు మూలప్రతిని గూడ రెండు మూడు తావుల దాచవలెను. పాత లిపులలోనున్న సంచికలు ఇండ్లలో నెవరికడనైన నున్నచో, ఆ లిపి పనిచేయు యంత్రము ఒకటి మిగిలియుండగానే వానిని మార్పించుకొనవలెను. అన్నింటికంటె ముఖ్యముగా, ఏటేట ఇద్దరు పిల్లలకైన ఈ పాఠములను చదువుట నేర్పవలెను. వారందరు ఇంజనీర్లు కానక్కరలేదు. తెలుగు తప్పుగా కనబడిన చోట, ఇది తప్పు, ఇట్లుండవలెనని దానిని పోషించువారికి స్పష్టముగా వ్రాసి పంపగలిగిన చాలును. దోషమును స్పష్టముగా చెప్పుట దిద్దుటలో సగము. అది తెలుగు ఉపాధ్యాయుడు నేర్పదగిన విద్యయే.

మా తరగతిలో గత శ్రావణమునుండి ఒక చిన్న పని మొదలిడితిమి. చెదలు తినగా మిగిలిన ఆ పాత వ్యాసమును ఇద్దరు పిల్లలు యూనికోడునందు మరల కూర్చినారు. పోయిన రెండు పుటలకు బదులు తమ తమ ఇండ్లలో అడిగి, తెలిసిన గ్రామనామములను చేర్చుచున్నారు. చేర్చిన ప్రతి పేరునకు ఎవరు చెప్పిరో, ఎప్పుడు వ్రాసిరో ప్రక్కన గుర్తించుచున్నారు. మొదటి బాలిక వాక్యమును మాత్రము మార్చకుడని చెప్పితిని. ఎఱ్ఱన చూపిన మర్యాద అది. అయితే ఆమె వ్రాసిన ఒక గ్రామనామమున వర్ణదోషము కలదని ఒక పిల్లవాడు తన తాత చెప్పిన మాటనుబట్టి చూపించినాడు. మూలమును అట్లే యుంచి, దిద్దుబాటును క్రింద వ్రాయించితిని. ఆ పిల్లవాని పేరును గూడ దాని ప్రక్కన వ్రాయించితిని.